ఒట్టి కాళ్ల పరుగుకు వారానికి ఎన్ని రోజులు?

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో అడిగాయి: చెప్పులు, బూట్లు లేకుండా పరుగెత్తేవారు వారానికి ఎన్ని రోజులు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి అని. ఒట్టి కాళ్ల పరుగు మంచిదా, బూట్ల పరుగు మంచిదా అన్న వాదనలోకి ఈసారి పోదలచుకోలేదు. పరుగెత్తాలని నిశ్చయించుకున్న మనిషి ఎవరి మాటా విని ఆగడని ముప్పై ఏళ్ల డ్రిల్లు మాస్టారు ఉద్యోగంలో తెలుసుకున్నాను. అందువల్ల ఎన్ని రోజులు, ఎంత విశ్రాంతి అన్న లెక్కకే పరిమితమై ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మాస్టారు గారికి నమస్కారం. నా వయసు 22. కానిస్టేబులు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాను. రెండు నెలలుగా మా హైస్కూలు మైదానంలో ఉదయం ఐదింటికీ, సాయంత్రం ఐదున్నరకూ, ఆదివారం కూడా మానకుండా ఒట్టి కాళ్లతోనే పరుగెత్తుతున్నాను. అబెబె బికిలా ఒలింపిక్స్‌లో ఒట్టి కాళ్లతోనే గెలిచాడని మా సీనియర్ చెప్పాడు. మొదటి నెలలో టైమింగు బాగా తగ్గింది. పది రోజులుగా మోకాలి కింద ముందు ఎముక లోపలి వైపు నొప్పిగా ఉంది. అలవాటైతే అదే పోతుందని స్నేహితులు అంటున్నారు. విశ్రాంతి తీసుకుంటే టైమింగు పోతుందని భయం. ఏం చేయమంటారు?
— కావలి నుంచి ఒక పాఠకుడు

నాయనా, ముందు నీ నొప్పి సంగతి తేల్చుకుందాం, రోజుల లెక్క తరువాత చూద్దాం. కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకొని, ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో పైనుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ రా. నొప్పి జానెడు పొడవునా పరచుకొని, ‘ఇక్కడంతా’ అని అరచేత్తో చూపించాల్సి వస్తే, అది ఎముకను అంటిపెట్టుకొని ఉండే పొర, దాన్ని పట్టి లాగే కండరాలు అలసిపోవడం వల్ల వచ్చిన నొప్పి. మైదానంలో మీరంతా షిన్ పెయిన్ అనేది దీన్నే. అలాకాక రూపాయి బిళ్లంత చోట మాత్రమే ఉండి, ఒక్క వేలితో ‘ఇదిగో, ఇక్కడే’ అని చూపించగలిగితే, నొక్కగానే కాలు వెనక్కి లాక్కునేంత బాధ కలిగితే, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతూ ఉంటే, ఎముకలో వెంట్రుకవాసి పగులు ఏర్పడిందేమోనని అనుమానించాలి. ఈ రెండో రకమైతే ఈ పత్రిక పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లు. మొదటి రకమైతే పది రోజులు పరుగు పూర్తిగా మానేసి, ఆ పది రోజులూ రోజుకు అరగంట సైకిలు తొక్కు. పది రోజుల్లో ఊపిరి సత్తువ చెప్పుకోదగినంతగా తగ్గదు. సైకిలు తొక్కేవాడికి ఆ కాస్త కూడా తగ్గదు. ఆ తరువాత మామూలు నడకలో, మెట్లు దిగేటప్పుడు నొప్పి లేదని నిర్ధారించుకున్నాకే మళ్లీ మైదానంలోకి రావాలి.

ఇక ‘అలవాటైతే పోతుంది’ అన్న మాట. నీ ఒంట్లో అన్నీ ఒకే వేగంతో అలవాటు పడవు. ఊపిరి రెండు మూడు వారాల్లో తెరిపిన పడుతుంది. అరికాలి చర్మం నెల, నెలన్నరలో దళసరి అవుతుంది. కండరాలకు ఇంకొంచెం కాలం కావాలి. అన్నిటికంటే ఆలస్యం ఎముకది. ఎముక ఎండిన కర్ర కాదు, దాన్ని శరీరం నిత్యం మరమ్మతు చేస్తూనే ఉంటుంది. పాత గోడలో కొత్త ఇటుక పెట్టాలంటే ముందు పాత ఇటుకను ఊడదీయాలి కదా. అలాగే కొత్త బరువు మీద పడగానే శరీరం మొదట పాత ఎముకను కొంత తవ్వి తీసేస్తుంది. ఆ పని రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఖాళీ అయిన చోట కొత్త ఎముక పూడి గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇటుక ఊడదీసి, కొత్తది ఇంకా పెట్టని ఆ మధ్యకాలంలో గోడ మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. నువ్విప్పుడు ఉన్నది సరిగ్గా ఆ కాలంలోనే. టైమింగు బాగా తగ్గిన నెల పక్క నెలలోనే ఎముక నొప్పి రావడం నాకు వింతగా తోచలేదు. పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు తయారయ్యే కుర్రవాళ్లలో ఏటా చూశాను.

కాబట్టి నీ లెక్క ఇలా ఉండాలి. వారానికి నాలుగు రోజులకు మించి పరుగు వద్దు, రోజుకు ఒక్క పూట చాలు. ఆ నాలుగు రోజుల్లో ఒట్టి కాళ్ల పరుగు మూడు రోజులు, అవి కూడా పక్కపక్క రోజులు కాకూడదు. పరుగుతో శ్రమపడిన కండర బంధనంలో, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులో, మొదటి ఒకటిన్నర రోజు దాకా కొత్తది కట్టడం కంటే పాతది విప్పడమే ఎక్కువగా జరుగుతుంది, కట్టడం పైచేయి అయ్యేది ఆ తరువాతే. నలభై ఎనిమిది గంటలు గడవకుండా మళ్లీ ఒట్టి కాళ్లతో పరుగెత్తితే విప్పిన దాన్నే మళ్లీ విప్పుతున్నావన్నమాట. ఒట్టి కాళ్లతో వేగంగా పరుగెత్తే రోజు వారానికి ఒక్కటే పెట్టుకో. నాలుగో వారం మొత్తం దూరాన్ని సగానికి సగం తగ్గించు. పరీక్షనాడు బూట్లతో పరుగెత్తాలనుకుంటే చివరి నెల వేగపు సాధన బూట్లతోనే చేయాలి.

బికిలా సంగతి మీ సీనియర్ సగమే చెప్పాడు. 1960లో రోము నగరంలో ఆయన ఒట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచిన మాట నిజం. పోటీకి ముందు సాధన కూడా ఒట్టి కాళ్లతో చేసినవాడు కనుకనే అది సాధ్యమైంది. నాలుగేళ్ల తరువాత 1964లో టోక్యోలో ఆయనే బూట్లు వేసుకొని పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో ఇంకా వేగంగా గెలిచాడు. ఈ రెండో సగం మన మైదానాల్లో ఎవరూ చెప్పుకోరు.

మాస్టారు గారికి. నా వయసు 42, బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్లుగా బూట్లు వేసుకొని వారానికి ఐదు రోజులు, రోజుకు ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నాను, 41 రోజులు పాదరక్షలు ధరించను. పరుగు మానడం ఇష్టంలేక మొదటి వారం నాలుగు రోజులు మామూలుగానే ఐదేసి కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో పరుగెత్తాను. అరికాళ్లు మండాయి గానీ ఇప్పుడు మంట తగ్గింది. ఇలాగే దీక్ష పూర్తయ్యేదాకా కొనసాగించవచ్చా?
— ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

స్వామీ, అరికాళ్ల మంట తగ్గిందన్న మాటే నన్ను కంగారు పెట్టింది. ఒట్టి కాళ్లతో పరుగెత్తేవాడికి కొత్తలో చర్మమే కాపలాదారు. అది మండినంత కాలం మనిషి జాగ్రత్తగా, తక్కువగా పరుగెత్తుతాడు. చర్మం మొద్దుబారగానే ఆ కాపలా పోతుంది. లోపలి ఎముకలు మాత్రం ఇంకా మొదటి వారంలోనే ఉంటాయి. ఐదు కిలోమీటర్ల మామూలు పరుగులో ఒక్కో పాదం రెండున్నర వేల సార్లు నేలను తాకుతుంది. నాలుగేళ్లుగా ఆ తాకిడిలో కొంత బూటు అడుగు భరించింది, ఇప్పుడది లేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మానవ పరిణామాన్ని బోధించే డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో ఒక పరిశీలన ప్రకటించింది. చిన్ననాటి నుంచి ఒట్టి కాళ్లతో పరుగెత్తేవారు చాలావరకు మడమ మీద కాక పాదం ముందు భాగం మీదనో, మధ్య భాగం మీదనో దిగుతారని, అందువల్ల నేల తాకిన క్షణంలో వారికి తగిలే దెబ్బ తక్కువని అందులో చూపారు. ఆ వార్త చదివి ప్రపంచమంతటా ఎందరో బూట్లు విప్పారు. ఆ తరువాత 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు, అనుభవమున్న పరుగువారిలో 19 మందిని పది వారాలపాటు క్రమంగా, వేలికో తొడుగు ఉండే పలుచని అడుగు బూట్లకు మార్చి, ముందూ తరువాతా పాదాలకు ఎమ్మారై తీశారు. ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల నీరు చేరి, ఎముక శ్రమపడుతున్న గుర్తులు కనిపించాయి. వాళ్లు క్రమంగా మారినవాళ్లు. మీరు ఒక్క రోజులో మారారు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మామూలు మనిషి ఒట్టి కాళ్లతో అరగంట పరుగెత్తి, మిగిలిన రోజంతా చెప్పుల్లో ఉంటాడు. మరునాడు పరుగు మానితే అతని పాదానికి నిజంగా సెలవు దొరుకుతుంది. దీక్షలో ఉన్న మీకు పరుగు లేని రోజు కూడా పాదానికి సెలవు కాదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం తరువాత గుడికి నడక, బ్యాంకులో గచ్చు మీద నిలబడటం, సాయంత్రం పీఠం దగ్గరికి తారు రోడ్డు మీద నడక, పడిపూజ ఉన్ననాడు అర్ధరాత్రి దాకా నిలబడి భజన. ఇదంతా అవే ఎముకల మీద పడే బరువే. ఈ బరువును లెక్కలో వేసుకోకుండా వారానికి ఎన్ని రోజులు అని అడిగితే తప్పుడు జవాబు వస్తుంది.

అందుచేత మొదటి రెండు వారాలు మీరు అసలు పరుగెత్తకూడదు. దీక్షలో నడిచే నడకే ఆ కాలానికి సాధన. మూడో వారం నుంచి వారానికి రెండే రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడంతో, తడి తగిలిన మట్టి మైదానంలో ఐదు నిమిషాలు. పొరపాటున ఐదు కిలోమీటర్లని చదువుకోకండి, ఐదు నిమిషాలే. నొప్పి లేకుంటే వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే దీక్ష ముగిసే వేళకు పది పన్నెండు నిమిషాలకు చేరతారు. అడుగు చిన్నదిగా, త్వరత్వరగా పడాలి. కుడికాలు నిమిషానికి 85 నుంచి 90 సార్లు నేల తాకేటట్టు లెక్కపెట్టుకోండి. పక్కన నడిచేవారికి మీ అడుగుల చప్పుడు వినిపిస్తే మడమ కొట్టుకుంటున్నదని అర్థం. పరుగు లేని రోజుల్లో ఇంటికి రాగానే పాదాలు పైకి పెట్టుకొని కాసేపు కూర్చోండి, పడిపూజ మరునాడు పరుగు పెట్టుకోకండి. శబరిమలకు పెద్దపాదం అడవి దారిన నడిచే ఉద్దేశం ఉంటే ఇరుముడికి వారం రోజుల ముందే పరుగు ఆపేయండి. మాల తీసిన మరునాడు బూట్లు దొరికాయి కదా అని పాత ఐదు కిలోమీటర్లకు వెళ్లకుండా మొదటి వారం సగం దూరంతో సరిపెట్టుకోండి. మధ్యలో నొప్పి వచ్చి డాక్టరు పాదరక్షలు వేసుకోవాలంటే ఏం చేయాలన్నది మీ గురుస్వామి చెప్పవలసిన మాట, డ్రిల్లు మాస్టారు చెప్పేది కాదు.

ఏ నొప్పికి ఆగాలో నా కాలి మీద నేర్చుకున్నాను కనుక వివరంగా రాస్తాను. పదవీ విరమణ చేసిన ఏడాది, కొత్తపట్నం తీరంలో తెల్లవారుజామున ఇసుక మీద ఒట్టి కాళ్లతో పరుగెత్తడం మొదలుపెట్టాను. పిల్లలకు రోజు విడిచి రోజు అని ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ని, నాకు మాత్రం సెలవు ఇచ్చుకోలేదు. మూడో వారంలో కుడి పాదం పైభాగాన, రెండో వేలి మొదలుకు రెండంగుళాల వెనుక కొద్దిగా వాచింది. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు చురుక్కుమనేది, పది అడుగులు వేశాక సర్దుకునేది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఆ మాట పట్టుకొని ఇంకో పది రోజులు పరుగెత్తాను. ఒకనాడు తీరం నుంచి బస్సు దాకా కుంటుతూ రావలసి వచ్చింది. నెల తిరిగాక తీసిన రెండో ఎక్స్‌రేలో, విరిగి అతుక్కుంటున్న చోట కొత్త ఎముక చింతగింజంత బుడిపెగా కనిపించింది. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలేనని, అనుమానం ఉంటే ఎమ్మారై తీయాలని, లేకుంటే విశ్రాంతి ఇచ్చి చూడాలని అప్పుడు తెలిసింది. ఏడు వారాలు పరుగు లేకుండా గడిపాను. పాదం మీద వాపు, వేలితో చూపగలిగే నొప్పి, ఉదయపు మొదటి అడుగులో చురుకు. ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా ఎక్స్‌రే ఏం చెప్పిందన్నది చూడకుండా ఆగిపోండి.

నమస్కారమండీ. నాకు 45 ఏళ్లు. మేము నలుగురు స్త్రీలం ప్రతి ఆదివారం మైపాడు తీరానికి వెళ్లి ఒట్టి కాళ్లతో ఆరు కిలోమీటర్లు పరుగు, నడక కలిపి చేస్తాము. సోమ, మంగళవారాలు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోతున్నాను. వారానికి ఒక్కసారే కదా వెళ్తున్నాము, ఇంకా తగ్గించాలా?
— నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, రోజులు తగ్గించకండి, పెంచండి. తగ్గించవలసింది దూరాన్ని. ఆరు రోజులు చెప్పుల్లో ఉన్న పిక్కల మీద ఏడో రోజు ఆరు కిలోమీటర్లు పడటమే మీ ఇబ్బంది. ఒట్టి కాళ్లతో మడమ కిందికి దిగుతుంది, ఇసుకలో ఇంకా లోతుకు దిగుతుంది, ప్రతి అడుగుకూ పిక్క కండరం సాగి సాగి పనిచేయవలసి వస్తుంది. అలవాటు లేని శ్రమకు వచ్చే నొప్పి రెండో రోజున ముదిరి, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. మీకు పోతున్నది. కానీ వారం తిరిగేసరికి కండరం నేర్చుకున్నది కూడా పోతున్నది. మంగళవారం, గురువారం ఇంటి దగ్గర మట్టి నేల మీదనో మేడ మీదనో పది పన్నెండు నిమిషాలు ఒట్టి కాళ్లతో నడుస్తూ మధ్యమధ్య మెల్లగా పరుగెత్తండి. ఆదివారం నాడు రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి పదో వంతు చొప్పున పెంచండి. పిక్క నొప్పి రెండు రోజులు దాటి మూడో రోజుకు కూడా తగ్గలేదంటే గత ఆదివారం ఎక్కువైందని లెక్క.

తీరంలో ఎక్కడ పరుగెత్తుతున్నారో రాయలేదు. అల వెనక్కి వెళ్లగానే గట్టిపడి, అడుగు వేస్తే పాదముద్ర అరంగుళం లోతుకు మించి దిగని తడి ఇసుక మీద పరుగెత్తాలి. పైన పొడి ఇసుకలో నడక మాత్రమే మేలు. అయితే ఆ తడి ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది, అందువల్ల ఒక కాలు ఎప్పుడూ పల్లంలో ఉంటుంది. పోయేటప్పుడు ఎంత దూరమో వచ్చేటప్పుడూ అంతే దూరం అదే వాలులో రావాలి. పోయేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు ఆటో అంటే ఒకే మోకాలు, ఒకే తుంటి భారం మోస్తాయి. ఎండ ఎక్కాక పొడి ఇసుక దాటి రోడ్డు మీదకు రావాలి కనుక చెప్పులు చేతిలోనైనా ఉంచుకోండి. వలల ముక్కల్లో గాలాలు, పగిలిన సీసా పెంకులు ఉండే చోటు ఏదో అక్కడి జాలర్లను అడిగితే చెబుతారు.

పిక్క నొప్పి వేరు, మడమ వెనుక తాడులా ఉండే అకిలిస్ బంధనం నొప్పి వేరు. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకొని నొక్కినప్పుడు నొప్పి ఉన్నా, ఉదయం లేవగానే బిగుసుకుపోయి అరగంటకు గానీ సడలకపోతున్నా ఇసుక మానేయండి. మడమ కింద కాస్త ఎత్తున్న చెప్పులతో గట్టి నేల మీద నడక చాలు. రెండు వారాలకు కూడా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోవాలి. ఊరికే మర్దన చేయించుకుంటే అది పోదు.

అయ్యా, నా వయసు 56. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. అరికాళ్లలో తిమ్మిరి, రాత్రిళ్లు మంటలు. ఒట్టి కాళ్లతో పచ్చిగడ్డి మీద పరుగెత్తితే నరాలు మేలుకొని షుగరు తగ్గుతుందని ఒకరు చెప్పారు. వారానికి ఎన్ని రోజులు చేయమంటారు?
— పొదిలి నుంచి ఒక పాఠకుడు

ఒక్క రోజు కూడా వద్దు. పైన రాసిన లెక్కలన్నీ నొప్పి తెలిసే పాదానికి పనికొచ్చేవి. మీ తిమ్మిరి, మంటలు నరాలు దెబ్బతింటున్నాయని చెబుతున్నాయి. అలాంటి పాదంలో ముల్లు దిగినా, బొబ్బ చితికినా మీకు తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది. మన ఎండల్లో మధ్యాహ్నం గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, కాళ్లు కాలిన సంగతి ఇంటికి వచ్చాక రక్తం, నీరు చూసి తెలుసుకున్న షుగరు రోగులున్నారు. షుగరు తగ్గించేది నడక గానీ గడ్డి కాదు, ఆ నడక పాదరక్షలతోనే చేయవచ్చు. మెత్తని అడుగు ఉన్న ఎమ్‌సీఆర్ చెప్పులు వేసుకొని, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవండి. ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో తిరగకండి. డాక్టరు దగ్గర పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాను పోగుతో అరికాలి స్పర్శ పరీక్ష చేయించుకోండి, నొప్పి లేని పరీక్ష, నిమిషాల్లో అయిపోతుంది. రోజూ రాత్రి నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి, కనిపించకపోతే ఇంట్లోవారిని చూడమనండి.

మాస్టారు గారూ, మా వైపు దారుల నిండా పల్లేరు కాయలు, చిల్లకంప ముళ్లు. ముల్లు గుచ్చుకుంటే ఎన్ని రోజులు పరుగు ఆపాలి? జిల్లేడు పాలు పోస్తే ముల్లు దానంతట అదే బయటికి వస్తుందంటారు, నిజమేనా?
— కనిగిరి నుంచి ఒక పాఠకుడు

పల్లేరు ముల్లు పైపైన గుచ్చుకొని కాయతో సహా ఊడి వస్తుంది. సబ్బుతో కడిగి, మరునాడు నొక్కితే నొప్పి లేకపోతే పరుగెత్తవచ్చు. చిల్లకంప ముల్లు అలా కాదు. అది లోతుకు దిగి మొన విరిగి లోపల ఉండిపోతుంది. పైన పుండు మూసుకుపోయినా, అడుగు వేసినప్పుడు ఒకే చోట పొడిచినట్టుంటే ముక్క లోపల ఉన్నట్టే, దాన్ని తీయించేదాకా పరుగు లేదు. ముల్లున్న కాలిని కాపాడుకోవాలని పాదాన్ని వంకరగా వేస్తూ పరుగెత్తి, మోకాలి నొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను. దీపం మీద కాల్చిన పిన్నీసుతో తవ్వుకోవడం మనందరం చేసిన పనే గానీ, అంచు పైకి కనిపించే ముల్లుకు మాత్రమే అది సరి. జిల్లేడు పాలు వద్దు. చర్మాన్ని పొక్కిస్తాయి, ఆ చేతితో కన్ను నలుపుకుంటే కంటికే ప్రమాదం. ధనుర్వాతం టీకా వేయించుకొని పదేళ్లు దాటితే వేయించుకోండి; మట్టి పట్టిన లోతైన గాయమైతే ఐదేళ్లు దాటినా డాక్టరును అడగండి. చెరువు గట్లు, బహిర్భూమికి వెళ్లే చోట్లు ఒట్టి కాళ్ల పరుగుకు పనికిరావు, కొంకి పురుగు లార్వాలు ఆ తడి మట్టిలో నుంచి పాదాల చర్మంలోకి దూరి రక్తహీనత తెస్తాయి.

మాస్టారు గారికి నమస్కారములు. మా అబ్బాయికి 11 ఏళ్లు. బడిలో ఆటలన్నీ ఒట్టి కాళ్లతోనే ఆడతాడు, పరుగు పందేలకూ అలాగే వెళ్తాడు. బూట్లు కొంటే విప్పి పక్కన పెడుతున్నాడు. అలా వదిలేయవచ్చా, బలవంతంగా వేయించాలా?
— కందుకూరు నుంచి ఒక తల్లి

అమ్మా, వదిలేయండి. పుట్టింది మొదలు ఒట్టి కాళ్లతో తిరిగిన పిల్లవాడి పాదానికి పైన నేను పెద్దవాళ్లకు రాసిన వారాల లెక్క అక్కర్లేదు. పిల్లలు అలసిపోతే వాళ్లంతట వాళ్లే ఆగుతారు. ఆగనిచ్చేది ఆట, ఆగనివ్వనిది పెద్దవాళ్లు పెట్టే పోటీ. పందేలకని వ్యాయామోపాధ్యాయుడు రోజూ పరుగెత్తిస్తూ ఉంటే మాత్రం వారానికి రెండు రోజులు పూర్తిగా సెలవు ఇవ్వమని అడగండి. ఈ వయసులో మడమ ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. మడమ వెనుక, అడుగున నొప్పి అని కుంటుతూ, మునివేళ్ల మీద నడుస్తూ ఇంటికి వస్తే నొప్పి పోయేదాకా పరుగు, గెంతులు మాన్పించండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట, తారు రోడ్డు మీద, కంకర పోసిన చోట బూట్లు వేయించవలసిందే. విప్పి పెడుతున్నాడంటే ఒకసారి ఆ బూట్లు కరుస్తున్నాయేమో చూడండి. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట కొట్టుకు తీసుకెళ్లి, నిలబెట్టి, పొడవైన వేలి ముందు మీ బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేటట్టు కొనండి. ఏడాదికి సరిపోతుందని రెండు సైజులు పెద్దవి మాత్రం తీసుకోకండి, అవి వేసుకొని పరుగెత్తి పడతాడు.